పలంపోర్

పలంపోర్ అనేది 17, 18 శతాబ్దాల ఆంగ్ల వర్తకులు కలంకారీ పద్ధతిలో రంగులద్దిన నూలు పడక దుప్పటికీ, గోడకు వేలాడదీసే అటువంటి వస్త్రానికీ వాడిన పేరు. నేడిది వస్త్రచరిత్ర గ్రంథాలలో, మ్యూజియం పట్టికలలో తప్ప అంతగా కనిపించదు. మంచమనే అర్థమున్న ‘పలంగ్’, కప్పేది అనే అర్థమున్న పారసీక పదం ‘పోష్’ కలిసి ఏర్పడిన ‘పలంగ్‌పోష్’ దీనికి మూలం కావచ్చునని 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు భావించి, ఈ దుప్పట్లకు పేరొందిన చోట్లలో మచిలీపట్నాన్ని పేర్కొంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో అక్కడ వర్తక స్థావరం నెలకొల్పింది. కోరమాండల్ తీరపు అద్దకంవారు చిరివేరుతో ఎరుపును, నీలిమందుతో నీలాన్ని పట్టించిన ఈ వస్త్రాలలో కొమ్మలు చాచిన జీవవృక్షం ప్రసిద్ధ చిత్రం. చెక్క అచ్చులతో చేసే కలంకారీ అద్దకం మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో నేటికీ సాగుతున్నది.