సౌడు తేలిన చెరువుల అడుగున

నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోళులు ఉదయసముద్రం కట్టించి ఎనిమిది వందల ఏళ్లు దాటింది. అలాంటి చెరువుల తూముల గురించి, ఆయకట్టు గురించి బోలెడు రాశారు. అడుగున పేరుకున్న ఒండ్రులో బతికే సూక్ష్మజీవుల గురించి రాసింది మాత్రం చాలా తక్కువ. ఆ ఒండ్రులో ఏది బతకాలో, ఏది తగ్గిపోవాలో తేల్చే వాటిలో ఉప్పుదే పైచేయి.

నల్లగొండ, పాలమూరు నేల గ్రానైటు నేల. రాతి నుంచి కరిగిన సోడియం, బైకార్బొనేటు ఎండలకు చిక్కబడి, పల్లపు పొలాల్లో తెల్లగా సౌడు తేలుతుంది. రజకులు బట్టలుతకడానికి ఆ మట్టినే తెచ్చుకునేవారు. మట్టిపనిలో ఆరితేరిన ఉప్పరులు ఉప్పుమట్టిని నానబెట్టి, వడగట్టి, ఉప్పూ సురేకారమూ తీసేవారు. సురేకారానికి మూలమైన నైట్రేటును చేసేది జీవులేనని 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ తేల్చారు. మురుగునీటిని ఇసుక గుండా పంపి వాళ్లు ఆ రుజువు చూపారు. ఆ తర్వాత 1895లో బైయరింక్ అనే శాస్త్రవేత్త సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చే బ్యాక్టీరియాను పట్టుకున్నాడు.

ఉప్పు చేసే పని ఇది. బయట ఉప్పు పెరిగితే కణంలోని నీరు బయటికి పోతుంది. దాన్ని ఆపాలంటే జీవి గ్లైసిన్ బీటైన్, ఎక్టోయిన్ వంటి పదార్థాలను లోపల నింపుకోవాలి. కొన్ని జీవులు పొటాషియం క్లోరైడే నింపుకుంటాయి. దీనికి శక్తి ఖర్చవుతుంది, ఆ ఖర్చు భరించలేనివి వెనకబడతాయి. మంచినీటి ఒండ్రులో ఆక్సిజన్ అయిపోయాక చివరికి పెత్తనం మీథేన్ చేసే ఆర్కియా అనే సూక్ష్మజీవులది. ఉప్పుతో పాటు సల్ఫేటు కూడా వస్తే, అదే హైడ్రోజన్, అదే ఎసిటేటు కోసం సల్ఫేటు బ్యాక్టీరియా పోటీకి దిగి ఆర్కియాను పక్కకు నెడుతుంది. మీథేన్ తగ్గుతుంది, బురద నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది.

ఉప్పు గీసే ఈ గీత బ్యాక్టీరియా పేర్లలోనూ కనిపిస్తుంది. 1994లో రోడోబాక్టర్ అనే బ్యాక్టీరియా ప్రజాతి నుంచి ఉప్పునీటి జాతులను విడదీసి రోడోవులం అని పేరు పెట్టారు. తర్వాత హైదరాబాదులో శశికళ, రమణల బృందం అందులో ఒక కొత్త జాతికి విశాఖపట్నం పేరే పెట్టింది. 2007లో లోజుపోన్, నైట్ అనే పరిశోధకులు 111 అధ్యయనాలను కలిపి చూసి, బ్యాక్టీరియా సముదాయాలను అన్నిటికన్నా గట్టిగా వేరు చేసేది లవణీయతేనని తేల్చారు. ఉష్ణోగ్రత, ఆమ్లత దాని తర్వాతే. నా దృష్టిలో ఈ పరిశోధనల చరిత్రలో అతి పెద్ద మలుపు అదే.

ఇక మనవైపు. హైదరాబాదు మురుగు మూసీలో దిగి, కత్వల (అడ్డుకట్టల) మీదుగా నల్లగొండ పొలాలకూ చెరువులకూ చేరుతోంది. దారిలో సేంద్రియ మలినం కొంత అడుక్కి దిగుతుంది, కొంత కుళ్లి తగ్గుతుంది. సబ్బుల, పరిశ్రమల ఉప్పు మాత్రం అలా తగ్గదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలు పారాక మెట్టకు తడి వచ్చింది. నీరు నిలిచిన పల్లాల్లో మాత్రం ఉప్పు పైకి తేలే ప్రమాదమూ వచ్చింది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువుల పూడిక ట్రాక్టర్లకెక్కి పొలాలకు చేరింది. మంచి పనే. కానీ ఉప్పెక్కిన పూడిక చేలో పడితే పైరుకే కాదు, అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాకూ దెబ్బే.

పూడిక తోలే ముందు, అందులో ఉప్పెంతో తెలిపే మట్టి విద్యుద్వాహకత కొలవడం చవకైన పని. ప్రతి చెరువుకూ ఆ పరీక్ష చేయించండి, మొదట మూసీ నీరు చేరే చెరువులకు. ఆ మట్టి నమూనాల్లో కొన్నిటిని విశ్వవిద్యాలయాల సూక్ష్మజీవశాస్త్ర విభాగాలకూ పంపండి.