సిక్కిం: ఒక చిన్న కొండరాష్ట్రపు జనాభా, జీవనోపాధుల పరిణామం

1891వ సంవత్సరంలో సిక్కిం దేశంలో జనాభా లెక్కలు తీసినప్పుడు తేలిన సంఖ్య 30,458. అది ఒక మోస్తరు పట్టణంలో నివసించే జనానికి సమానం. 120 సంవత్సరాల తరువాత, 2011 జనగణనలో అదే భూభాగంలో లెక్కకు వచ్చినవారు 6,10,577 మంది. జనసంఖ్య ఇరవై రెట్లు పెరిగినా భారతదేశంలో అతి తక్కువ జనాభా గల రాష్ట్రం నేటికీ సిక్కిమే. ఒకనాడు దున్నేవారు లేక బయటివారిని పిలిచి భూములిచ్చిన ఆ రాజ్యం, నేడు ఉయ్యాలలు ఖాళీ అవుతున్నాయని కలత చెందే రాష్ట్రంగా మారింది. ఈ రెండు దశల మధ్య జరిగిన పరిణామాన్ని పరిశీలిస్తే, జనానికీ జీవనోపాధికీ గల సంబంధం స్పష్టంగా బోధపడుతుంది.

నైసర్గిక స్వరూపం

సిక్కిం వైశాల్యం 7,096 చదరపు కిలోమీటర్లు. పడమర నేపాల్, ఉత్తరాన, తూర్పున టిబెట్, ఆగ్నేయాన భూటాన్, దక్షిణాన పశ్చిమ బెంగాల్ దానికి ఎల్లలు. దక్షిణాన ఉష్ణమండలపు లోయలతో మొదలై 8,586 మీటర్ల ఎత్తున్న కాంచనగంగ శిఖరం వరకు ఆ భూమి నిట్టనిలువుగా లేస్తుంది. తీస్తా నది, దాని ఉపనదులు ఈ కొండలను కోసుకుంటూ ప్రవహిస్తాయి. సాగుకు అనువైన నేల మొత్తం వైశాల్యంలో పదింట ఒక వంతు మాత్రమే. మిగిలినదంతా అడవి, బండ, మంచు. సిక్కిం ఆర్థిక చరిత్ర అంతా ఈ పదోవంతు నేల చుట్టూ తిరిగిందని చెప్పవచ్చు.

తొలి నివాసులు

ఈ కొండలకు ఆదివాసులు లెప్చాలు. వారు అడవి ఫలసాయం మీద, పోడు వ్యవసాయం మీద ఆధారపడి జీవించారు. టిబెట్ వైపు నుండి వచ్చిన భూటియాలు పశువులను మేపుతూ, కనుమల గుండా వర్తకం సాగిస్తూ స్థిరపడ్డారు. లింబు జాతివారు పడమటి ప్రాంతాల్లో ఉండేవారు. 1642లో ఫుంట్సోగ్ నాంగ్యాల్ యుక్సోంలో మొదటి చోగ్యాల్‌గా అభిషిక్తుడైనాడు. ఆ వంశమే 333 సంవత్సరాలపాటు సిక్కింను పాలించింది. ఆ కాలంలో జనసంఖ్య స్వల్పం, అవసరాలు స్వల్పం. ఉన్ని, ఉప్పు టిబెట్ నుండి దిగివచ్చేవి. ధాన్యం, ఇతర సరకులు పైకి వెళ్ళేవి.

వలసలు – మెట్ల పొలాలు

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ స్థితి తలక్రిందులైంది. 1817 టిటాలియా ఒడంబడికతో బ్రిటిషువారు సిక్కిం వ్యవహారాల్లో ప్రవేశించారు. 1835లో డార్జిలింగ్ వారి వశమైంది. 1861 తుమ్లాంగ్ ఒడంబడికతో సిక్కిం బ్రిటిషు రక్షణలోని రాజ్యమైంది. 1889లో జాన్ క్లాడ్ వైట్ తొలి పొలిటికల్ ఆఫీసరుగా వచ్చి పాలనను చేతిలోకి తీసుకున్నాడు. ఖజానా నిండాలంటే శిస్తు రావాలి. శిస్తు రావాలంటే నేల సాగు కావాలి. సాగు కావాలంటే మనుషులు కావాలి. అప్పటికే మొదలైన నేపాలీ రైతుల వలసను వైట్ ప్రోత్సహించడానికి కారణం ఈ లెక్కయే.

వచ్చినవారు తమతోపాటు ఒక విద్యను తెచ్చారు. కొండవాలును మెట్లు మెట్లుగా చెక్కి, రాతి గట్లు కట్టి, సెలయేటి నీటిని మడి నుండి మడికి దింపి వరి పండించడమే ఆ విద్య. నీరు అందని వాలుల్లో మొక్కజొన్న, చోడి, అల్లం, కమలాఫలాలు వచ్చాయి. పోడు పద్ధతిలో పదిమందిని పోషించే కొండ, మెట్ల సాగుతో అంతకు ఎన్నో రెట్ల మందిని పోషించసాగింది. 1901లో జనాభా 59,014కు, 1911లో 87,920కు చేరింది. 1891 లెక్కలు అంత సమగ్రమైనవి కావు గనుక మొదటి పెరుగుదలలో కొంత భాగం లెక్క సవరణ వల్ల వచ్చినదే. అయినా వలసల పాత్ర కాదనలేనిది. కొద్ది కాలంలోనే లెప్చాలు, భూటియాలు తమ గడ్డపైనే అల్పసంఖ్యాకులైనారు. వారి భూములు ఇతరుల చేతుల్లోకి పోకుండా 1917లో ప్రత్యేక రెవిన్యూ ఉత్తర్వు జారీ చేయవలసి వచ్చింది.

ఈ కాలంలో రైతు చేతికి నగదు తెచ్చిన పంట పెద్ద ఏలకి. చల్లని, తేమగల లోయల్లో ఉత్తిస్ అనే చెట్ల నీడన అది పెరుగుతుంది. ఆ చెట్టు వేళ్ళు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. రాలిన ఆకు ఎరువవుతుంది. దాని కట్టెయే కాయలను ఎండబెట్టే భట్టీలకు వంటచెరకు. చెట్టు పంటను, పంట రైతును కాపాడే ఈ ఏర్పాటు కొండవాసుల అనుభవం నుండి పుట్టినది. నేటికీ దేశంలో పెద్ద ఏలకుల ఉత్పత్తిలో సిక్కింది అగ్రస్థానం.

అయితే ఈ సంపద సమంగా పంచుకోబడలేదు. కాజీలు, ఠేకాదారులు అనబడే భూస్వాములు, గుత్తదారులు గ్రామాల నుండి శిస్తు వసూలు చేసేవారు. రైతులు వారి సరకులను కూలి లేకుండా కొండదారుల్లో మోయవలసి వచ్చేది. తెలంగాణ పల్లెలు ఎరిగిన వెట్టికి అది సోదరి వంటిది. 1921లో జనాభా 81,721కి తగ్గింది. 1918 నాటి విషజ్వరం దేశమంతటినీ పీడించిన దశాబ్దమది. ఆ తరువాత పెరుగుదల నెమ్మదిగా సాగి 1951 నాటికి 1,37,725కు చేరింది. 1940వ దశకంలో ప్రజలు సంఘటితమై చేసిన ఆందోళనల ఫలితంగా వెట్టి మోత, గుత్తదారీ పద్ధతి అంతరించాయి.

దారులు పడిన కాలం

1950 డిసెంబరు 5న కుదిరిన ఒడంబడికతో సిక్కిం భారతదేశపు రక్షిత రాజ్యమైంది. 1954లో మొదటి సప్తవర్ష ప్రణాళిక ఆరంభమైంది. కంచరగాడిదల బాటలు క్రమంగా మోటారు రోడ్లయినాయి. పాఠశాలలు, వైద్యశాలలు వెలిశాయి. రంగ్‌పోలో సారా బట్టీ, సింగ్తాంలో పండ్ల నిల్వ కర్మాగారం వంటి చిన్న పరిశ్రమలు పుట్టాయి. 1969లో తేమి తేయాకు తోట ప్రారంభమైంది.

1962 చైనా యుద్ధం ఒక తలుపును మూసి మరొకదాన్ని తెరిచింది. నాథులా కనుమ మూతపడడంతో శతాబ్దాల టిబెట్ వర్తకం ఆగిపోయింది. 2006లో పరిమితంగా తిరిగి తెరిచినా పూర్వవైభవం రాలేదు. మరొకవైపు సరిహద్దు రక్షణ కోసం రోడ్ల నిర్మాణం ముమ్మరమైంది. ఉత్తర దిక్కున టిబెట్ వైపు చూసిన ఆర్థిక జీవనం దక్షిణాన సిలిగురి వైపు తిరిగింది. బియ్యం, పప్పు, నూనె, సిమెంటు అన్నీ తీస్తా గట్టున సాగే ఒకే రహదారి మీద రాసాగాయి. కొండచరియ విరిగిపడితే రాష్ట్రం మొత్తానికి సరకులు ఆగిపోయే స్థితి నాటినుండీ ఉన్నదే.

రాష్ట్రావతరణ

1975 ఏప్రిల్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ తరువాత, మే 16న సిక్కిం భారతదేశపు 22వ రాష్ట్రంగా అవతరించింది. కేంద్ర నిధులు ప్రవహించాయి. రోడ్లు, భవనాలు, కార్యాలయాలు, ఉద్యోగాలు ఒక్కసారిగా పెరిగాయి. 1971లో 2,09,843గా ఉన్న జనాభా 1981 నాటికి 3,16,385 అయింది. పదేళ్ళలో 50 శాతం పైగా పెరుగుదల! ఈ కాలపు స్త్రీ పురుష నిష్పత్తి ఆసక్తికరమైనది. 1961లో వెయ్యిమంది పురుషులకు 904 మంది స్త్రీలుండగా 1981లో 835 మందే ఉన్నారు. స్త్రీలు తగ్గినందువల్ల కాదు, పనుల కోసం మైదాన ప్రాంతాలనుండి ఒంటరిగా వచ్చిన పురుషులు లెక్కలో చేరినందువల్ల ఈ మార్పు వచ్చింది. వట్టి అంకెల వెనుక ఇళ్ళు విడిచి వచ్చిన మనుషులున్నారనడానికి ఇది నిదర్శనం.

ఈ రాష్ట్రంతో తెలుగువారికీ కొంత అనుబంధమున్నది. యానాంతో సహా పుదుచ్చేరి ప్రాంతానికి లెఫ్టినెంట్ గవర్నరుగా పనిచేసిన కోన ప్రభాకరరావు 1984లో సిక్కిం గవర్నరుగా వెళ్ళారు. వి. రామారావు 2002 నుండి 2007 వరకు ఆ పదవిని నిర్వహించారు.

రాష్ట్రావతరణ ఫలితాలలో అతి ముఖ్యమైనది విద్య. 1981లో నూటికి 34 మందే అక్షరాస్యులు. 2011లో 81 మంది. చదువుకున్న యువతీయువకులు మెట్ల పొలానికి తిరిగి వెళ్ళడానికి ఇష్టపడలేదు. ప్రభుత్వోద్యోగం ప్రతి కుటుంబపు కలగా మారింది. 2001లో పనిచేసేవారిలో దాదాపు సగంమంది సాగుదారులు కాగా, 2011 నాటికి ఆ వాటా 38 శాతానికి దిగింది. అదే పదేళ్ళలో పట్టణవాసులు 11 శాతం నుండి 25 శాతానికి పెరిగారు.

పొలము, ఫ్యాక్టరీ, నది

ఇరవై ఒకటవ శతాబ్దంలో సిక్కిం మూడు దారులను ఏకకాలంలో తొక్కింది.

మొదటిది సేంద్రియ వ్యవసాయం. 2003లో రాష్ట్ర శాసనసభ ఈ దిశగా తీర్మానించింది. రసాయనిక ఎరువుల మీద రాయితీని ఏటేటా తగ్గించి, చివరకు వాటిని నిషేధించారు. 2016 జనవరిలో సుమారు 75,000 హెక్టార్ల సాగుభూమితో సిక్కిం దేశంలో తొలి సంపూర్ణ సేంద్రియ రాష్ట్రంగా ప్రకటింపబడింది. 2018లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తదితరులు ఇచ్చే అంతర్జాతీయ పురస్కారం లభించింది. పేరు వచ్చినంత సులభంగా ధర రాలేదు. పంటను కొండ దించి దూరపు అంగళ్ళకు చేర్చడం, తెగుళ్ళను మందు లేకుండా అదుపు చేయడం రైతుకు కష్టమైంది. ఏలకి తోటలనూ తెగుళ్ళు క్షీణింపజేశాయి.

రెండవది ఔషధ పరిశ్రమ. కేంద్రం ఈశాన్య ప్రాంతానికి ఇచ్చిన పన్ను రాయితీల ఆకర్షణతో దేశంలోని పెద్ద మందుల కంపెనీలు దక్షిణ సిక్కిం లోయల్లో కర్మాగారాలు నెలకొల్పాయి. తలసరి ఆదాయంలో సిక్కిం దేశంలోని అగ్రశ్రేణి రాష్ట్రాల సరసకు చేరడానికి ఈ కర్మాగారాలూ, జలవిద్యుత్తూ ముఖ్యకారణాలు. వ్యవసాయపు వాటా రాష్ట్రాదాయంలో పదో వంతు ప్రాంతానికి పడిపోయింది. అయితే ఫ్యాక్టరీలో తయారైన సరకు విలువ అంతా స్థానికుని ఇంటికి చేరదు. సగటు ఆదాయానికీ, సామాన్యుని ఆదాయానికీ మధ్య గల దూరాన్ని ఈ రాష్ట్రం చక్కగా చూపుతుంది.

మూడవది జలవిద్యుత్తు. 510 మెగావాట్ల తీస్తా ఐదవ దశ 2008లోను, 1,200 మెగావాట్ల మూడవ దశ 2017లోను ఉత్పత్తి ఆరంభించాయి. లెప్చాల పవిత్రభూమియైన జోంగూ ప్రాంతంలో ఆనకట్టలు వద్దని 2007లో లెప్చా యువకులు నిరాహార దీక్షలు చేశారు. అక్కడి కొన్ని పథకాలు రద్దయినాయి. 2023 అక్టోబరు 4 తెల్లవారుజామున ఉత్తరాన దక్షిణ ల్హోనాక్ హిమసరస్సు గట్టు తెగి, చుంగ్‌తాంగ్ వద్ద మూడవ దశ ఆనకట్ట కొట్టుకుపోయింది. తీస్తా తీరాన పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి, ఎందరో గల్లంతయ్యారు. ఆదాయపు పట్టికలో నది ఒక అంకె. తీరవాసికి అది నిత్యం ఎదురుగా ఉన్న ప్రాణి.

ఖాళీ అవుతున్న ఉయ్యాలలు

2001 – 2011 మధ్య జనాభా పెరుగుదల 12.89 శాతానికి తగ్గింది. అంతకుముందు దశాబ్దంలో అది 33 శాతం. 2019 – 21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిక్కింలో ఒక స్త్రీకి సగటు సంతానం 1.1 మాత్రమే, దేశంలోని రాష్ట్రాలలో ఇదే కనిష్ఠం. తరం తరాన్ని నిలుపుకోవాలంటే అది 2.1 ఉండాలి. కారణాలు వెదకడానికి దూరం పోనక్కరలేదు. ఆడపిల్లలు చదువుకున్నారు, వివాహ వయస్సు పెరిగింది, ఉద్యోగాల కోసం యువత ఇతర రాష్ట్రాలకు వెళుతున్నది, పొలానికి పదిచేతులు కావలసిన అవసరం పోయింది, పిల్లల చదువుకు, పట్టణంలో ఇంటికి అయ్యే ఖర్చు పెరిగింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం మహిళా ఉద్యోగులకు రెండవ, మూడవ కాన్పులకు అదనపు ఇంక్రిమెంట్లు, ఏడాది ప్రసూతి సెలవు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ కూడ 2024లో, ఇద్దరికి మించి సంతానమున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న పాత నిబంధనను తొలగించింది. ఈ సమస్య కొండలకు మాత్రమే పరిమితం కాదు.

చిన్న సమాజాలకు ఇది మరింత బరువైన ప్రశ్న. లెప్చా, భూటియా, లింబు భాషలను సిక్కిం పాఠశాలల్లో బోధిస్తున్నారు. పాఠ్యపుస్తకాన్ని ప్రభుత్వం అచ్చువేయగలదు, ఉపాధ్యాయుని నియమించగలదు. బల్లమీద కూర్చునే పిల్లవానిని మాత్రం ఇల్లే పంపాలి. ఇంట్లో ఆ మాట వినిపించనప్పుడు బడిలో నేర్పే మాట వారానికి కొన్ని గంటల విషయంగా మిగిలిపోతుంది.

ముగింపు

సిక్కిం 130 ఏళ్ళ చరిత్రలో జనం కరవై వలసలు వచ్చాయి. వలసల వల్ల సాగు పెరిగింది. సాగు చాలక ఉద్యోగాలు, ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటివల్ల సంపద పెరిగి సంతానం తగ్గింది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందున తరువాతి అంకెలు ఇంకా రావలసి ఉన్నది. అవి ఏ తీరుగా ఉన్నా, ఒక విషయం నిశ్చయం: తక్కువమంది ఉన్నచోట ప్రతి ఒక్కరి నిర్ణయానికీ బరువు ఎక్కువ. స్వస్థలానికి దూరంగా తమ భాషలో బడి నిలుపుకొంటున్న సమాజాలకు ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. ప్రతి జూన్ మాసంలో ఒకటవ తరగతి హాజరు పట్టీ తెరిచినప్పుడు అది వారి కళ్ళెదుటనే ఉంటుంది.