గేటు కాడి బోర్డు మీద 'నాయిస్' అనే మాట



ఇవాళ శుక్రవారం. షహానియాలో పొద్దటి సంది దుమ్ము గాలి, బయటికి పోయేటట్టు లేదు. చాన్నాళ్ల నుంచి రాద్దామనుకున్నది ఇవాళ కూసొని రాస్తున్న. పొడుగ్గా ఉంటది, చాయ్ పెట్టుకొని చదవండి.

సైట్ గేటు కాడ ఒక బోర్డు ఉంటది గదా. చెవుల మీద కప్పులు పెట్టుకున్న మనిషి బొమ్మ, దాని కింద 'హై నాయిస్ ఏరియా' అని ఇంగ్లిష్‌లో, అరబీలో రాసి ఉంటది. రోజూ దాని పక్క నుంచే లోపలికి పోతం. నాయిస్ అంటే చప్పుడు, అంతే అనుకున్న ఇన్నేళ్లు. ఆ మాటకి పుట్టుక ఓడలో వచ్చే వాంతి అని తెలిసిన రోజు నవ్వు ఆగలేదు.

గ్రీకు భాషలో ఓడని 'నౌస్' అంటరు. మన సంస్కృతంలో 'నౌ', నౌక అన్నట్టే. ఓడ ఎక్కితే కడుపులో తిప్పడాన్ని వాళ్లు 'నౌసియా' అన్నరు. రోమ్ వాళ్లు దాన్ని తీసుకొని లాటిన్‌లో 'నౌజియా' అన్నరు. మందుల చీటీలో ఇంగ్లిష్ డాక్టర్లు ఇప్పటికీ 'నాషియా' అని రాసేది ఇదే. లాటిన్ నుంచి ఫ్రెంచికి పోయేసరికి కడుపులో వికారం కాస్తా మనసులో చిరాకు అయింది, చిరాకు కొట్లాట అయింది, కొట్లాట గోల అయింది. ఆ గోలే 1200ల కాలంలో ఇంగ్లిష్‌లోకి 'నాయిస్' అని వచ్చింది. హాని అనే అర్థమున్న 'నోక్సియా' అనే ఇంకో లాటిన్ మాట నుంచి వచ్చిందని కొందరంటరు గానీ, ఎక్కువ డిక్షనరీలు ఓడ కథనే చెప్తయి.

మా జగిత్యాల దిక్కు ఒక పెద్దాయన ఉండె. ఆయన గల్ఫ్‌కి వచ్చింది విమానంలో కాదు, బొంబాయి నుంచి ఓడలో. ద్వారక అనే ఓడ 1982 దాకా బొంబాయికి, గల్ఫ్ రేవులకి మధ్య తిరిగింది. మొదటి రెండు రోజులు ఒక్కడు కూడా తల ఎత్తలేదట. కక్కేటోడు కక్కుతుంటే, ఏడ్చేటోడు ఏడుస్తుంటే, బకెట్ కోసం కొట్లాడేటోడు కొట్లాడుతుంటే డెక్కు మీద ఒకటే లొల్లి. వాంతికి, లొల్లికి ఏం సంబంధమని నేను డిక్షనరీలో ఎతికిన గానీ, ఆయన బతికుంటే ఆయన్నే అడిగితే అయిపోవు.

ఇంతకీ రోమ్ వాళ్ల మాట ఇంగ్లండ్ వాళ్ల నోట్లోకి ఎట్లొచ్చింది? రోమ్ సైన్యం క్రీ.శ. 43లో ఆ దీవికి పోయింది, 410 ప్రాంతానికి వదిలేసి వచ్చేసింది. అప్పుడు మిగిలిన మాటలు తక్కువ. అసలు వరద 1066లో వచ్చింది. ఫ్రాన్స్ దిక్కు నార్మండీ నుంచి విలియం అనే దొర వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచిండు. రాజు మాట్లాడేది ఫ్రెంచి, కోర్టు ఫ్రెంచి, జమీందారు ఫ్రెంచి. దున్నేటోడిది మాత్రం ఇంగ్లిష్. ఫ్రెంచి లాటిన్ బిడ్డే కాబట్టి దాని చెయ్యి పట్టుకొని లాటిన్ మాటలు వచ్చినయి. కోర్టుల్లో ఇంగ్లిష్‌లో వాదించుకోవచ్చని చట్టం వచ్చేసరికి 1362 అయింది.

ఇది మనకి కొత్త కథ కాదు. మా తెలంగాణలో నిజాం కాలాన ఆఫీసుల్లో మొదలు ఫార్సీ, తర్వాత ఉర్దూ. అందుకే మా అమ్మ 'ఆవాజ్ చెయ్యకురా' అని తిడుతుండె. ఆవాజ్ ఫార్సీ మాట. ఆమెకి ఫార్సీ అనే భాష ఉందని కూడా తెల్వదు. ఒక్క చప్పుడుకే మనకి ఎన్ని మాటలో చూడండి. శబ్దం సంస్కృతం. సద్దు దాని నుంచే ప్రాకృతం మీదుగా అరిగి వచ్చింది. చప్పుడు, సవ్వడి, మోత, రొద మన ఇంటివి. బడిలో తెలుగు సారు తత్సమం, తద్భవం, దేశ్యం అని బట్టీ పట్టిస్తే ఎందుకురా ఇది అనుకున్న, ఇరవై అయిదేళ్ల తర్వాత ఖతర్‌లో పనికొచ్చింది. ఇంగ్లిష్‌లో కూడా అంతే. ఇయర్, హియర్, లౌడ్ వాళ్ల ఇంటి మాటలు. నాయిస్, వాయిస్, సైలెంట్, ఆడియో బయటి నుంచి వచ్చినయి.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, దాని కుటుంబం వేరు అని 1816లో ఎల్లిస్ అనే మద్రాసు ఆఫీసర్ అచ్చులో పెట్టిండు, కాంప్‌బెల్ అనే ఆయన రాసిన తెలుగు వ్యాకరణం ముందు మాటలో. అందుకే 'చెవి'కి, 'విను'కి లాటిన్‌లో చుట్టాలు దొరకరు. కానీ మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'వాక్కు'కి దొరుకుతరు. లాటిన్‌లో గొంతుని 'వోక్స్' అంటరు, వాక్కు, వోక్స్ ఒకే వేరు. వాయిస్ దాని నుంచే. ఇక్కడ ఒంటెల పందెం చూసినోళ్లకి ఈ మాట బాగా ఎక్కుతది. 2005 సంది చిన్న పిల్లల్ని ఎక్కించడం బంద్ చేసి ఒంటె మీద రోబో పెడుతున్నరు. యజమాని ట్రాక్ పక్కన ల్యాండ్ క్రూజర్‌లో ఉరుకుతూ వాకీటాకీలో అరుస్తడు, ఆయన వాయిస్ ఒంటె వీపు మీదున్న డబ్బాలో నుంచి వస్తది. మనిషి బండిలో, గొంతు ఒంటె మీద.

ఇప్పుడు 'సౌండ్' సంగతి. ఈ మాట నా పరువు తీసింది కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా.

నేను చార్జ్‌హ్యాండ్ అయిన కొత్తలో ఒక కాలమ్ ఫార్మా విప్పినంక కన్సల్టెంట్ ఇంజినీర్ వచ్చి చూసి, కాగితం మీద 'కాంక్రీట్ నాట్ సౌండ్' అని రాసిచ్చి పోయిండు. నేను గ్యాంగ్‌ని కూసోబెట్టి, 'సార్‌కి సౌండ్ వద్దట, మెల్లగ పని చెయ్యండి' అని చెప్పిన. వైబ్రేటర్ కూడా కొంచెమే పెట్టమన్న. రెండో కాలమ్ మొదటిదానికంటే అధ్వాన్నం, అంతా తేనెతుట్టె. తెల్లారి ఆయన సుత్తి తెచ్చి నా ముందే కొట్టిండు. మంచి కాడ టంగ్ మంటున్నది, చెడ్డ కాడ డొల్ల మోత. అప్పుడు చెప్పిండు, ఆ సౌండ్ అంటే చప్పుడు కాదు, గట్టిగా, ఆరోగ్యంగా ఉండుడు అని. రెండు కాలమ్‌లూ పగలగొట్టినం. పగలగొట్టిన బ్రేకర్ నాదే.

రెండు సౌండ్‌లు ఒక తల్లి పిల్లలు కావు. ఆరోగ్యం అనే సౌండ్ ఇంగ్లిష్ వాళ్ల సొంతం. 'సౌండ్ స్లీప్'లో ఉన్నది అదే. చప్పుడు అనే సౌండ్ లాటిన్ 'సోనస్'. సోనస్ ఫ్రెంచిలో 'సోన్' అయింది, ఇంగ్లిష్‌లోకి 'సూన్' అని వచ్చింది. అందులో 'డ' లేదు! తర్వాత జనం నోట్లో చివర ఒక 'డ' అంటుకుంది. చదువుకున్నోళ్లు తప్పు అని నవ్వినా, 1500ల నాటికి ఆ తప్పే నిలబడింది. ఇప్పుడు అది కరెక్ట్ ఇంగ్లిష్.

మనం ఇస్కూలు, ఇస్టేషన్ అంటే ఆఫీసులో పిల్లలు నవ్వుతరు గదా. వాళ్లకి చెప్పండి, లాటిన్ మాట్లాడిన మామూలు జనం కూడా ఇట్లనే చేసిన్రు. వాళ్లకి 'స్కోలా' ముందు అచ్చు లేకుంటే నోరు తిరగలేదు. అందుకే స్పెయిన్ వాళ్లు ఇవాళ్టికీ బడిని 'ఎస్కుయేలా' అంటరు.

మన మేస్త్రీ కూడా లాటిన్ వాడే, ఈ ముక్క చెప్పకుండా ముందుకు పోలేను. లాటిన్ 'మజిస్టర్' పోర్చుగీసులో 'మెస్త్రె' అయింది, వాళ్లు మన రేవులకి తెచ్చిన్రు, మేస్త్రీ అయింది. ఇంగ్లిష్ మాస్టర్ కూడా ఆ మజిస్టరే. మేస్త్రీని, హెడ్ మాస్టర్‌ని ఒకే కుర్చీలో కూసోబెట్టిన మాట.

లాటిన్‌లో వినడాన్ని 'ఔదీరే' అంటరు. ఆడియో అందులోదే. ఆడిట్ కూడా. పాత కాలంలో లెక్కలు చదివి వినిపిస్తే పెద్దమనిషి వినేటోడు, ఆ వినుడే ఆడిట్. సేఫ్టీ ఆడిట్ రోజు మాత్రం మనమే వింటం, వాళ్లు చదువుతరు. చెప్పినట్టు చెయ్యడం అనే 'ఒబే' కూడా ఔదీరే నుంచే వచ్చింది. మనం 'వాడు మాట వినడు' అంటం చూడండి, చెవిటోడని కాదు గదా. ఎక్కడ రోమ్, ఎక్కడ జగిత్యాల, ఆలోచన ఒక్కటే. అరబీలో చెవిని 'ఉదున్' అంటరు, పొద్దున్నే వినపడే 'అదాన్'ది కూడా అదే వేరు. మనం 'నీ చెవిన వేస్తున్న' అన్నట్టే.

చెవిటివాడిని లాటిన్‌లో 'సుర్దుస్' అంటరు. దాని నుంచే 'అబ్సర్డ్', అంటే అర్థం పర్థం లేనిది. ఇంకొకటి కూడా వచ్చింది, అది మన పదో తరగతిలోనే ఉంది. రూట్ రెండు, రూట్ మూడు, కరణులు అని లెక్కల సారు చెప్పిండు, యాదికుందా? ఇంగ్లిష్ మీడియం వాళ్లకి అవి 'సర్డ్స్'. చెవిటికి, లెక్కకి ఏం సంబంధం? అరబ్ గణిత పండితులు ఎంత లెక్క పెట్టినా తెగని ఆ సంఖ్యలని 'అసమ్' అన్నరు, అంటే చెవిటివి. 1100లలో క్రెమోనా ఊరి జెరార్డ్ అనే ఆయన స్పెయిన్‌లో కూసొని అరబీ పుస్తకాలు లాటిన్‌లోకి మార్చుకుంటూ, అసమ్‌ని సుర్దుస్ అని రాసిండు. అది ఇంగ్లిష్‌కి పోయి మన బళ్లకి వచ్చింది. అరబీలో పుట్టిన మాట అన్ని దేశాలు తిరిగి నా పదో తరగతికి వచ్చింది, నేను ఆ తరగతి దాటలేక అరబ్ దేశానికి వచ్చిన.

ఇక అసలు చెప్పాలనుకున్నది.

చప్పుడుని డెసిబెల్‌లో కొలుస్తరు. డెసి అంటే లాటిన్‌లో పదో వంతు. బెల్ అంటే గంట కాదు, 1876లో టెలిఫోన్ పేటెంట్ పొందిన గ్రాహం బెల్ పేరు. ఆయన తల్లికి, భార్యకి ఇద్దరికీ వినపడదు. 85 డెసిబెల్‌లో ఎనిమిది గంటలు, అంతకంటే వద్దని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ చెప్తది. ప్రతి 3 డెసిబెల్‌కి టైం సగం తగ్గుతది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు. 100కి వచ్చేసరికి పదిహేను నిమిషాలే. బ్రేకర్ పట్టినోడి చెవి కాడ 100 మామూలుగానే దాటుతది.

నేను మూడేళ్లు బ్రేకర్ పట్టిన. చెవుల్లో టిష్యూ పేపర్ కుక్కుకొని. ఇప్పుడు రాత్రి ఏసీ ఆగి రూం సద్దుమణిగితే ఎడమ చెవిలో గుయ్యిమని ఒక సన్న మోత మొదలైతది. మొదట్లో ఒక డాక్టర్ కాడికి పోయి 'సౌండ్ కమింగ్' అన్న. ఆయన రూంలో మంది ఎక్కువున్నరా అని అడిగి నిద్ర గోలీలు రాసిచ్చిండు. నా తప్పు లేదు, ఆయన తప్పు కూడా లేదు, మాట లేదు మా మధ్య. నాలుగేళ్లు అట్లనే గడిచింది. సెలవుల్లో కరీంనగర్‌లో చూపిస్తే ఆ డాక్టరమ్మ ఒక్క మాట రాసింది: టినిటస్. చెవి లోపల వినికిడికి సన్న వెంట్రుకల లాంటి కణాలుంటయట, పెద్ద మోతకి చచ్చిపోతయట, మళ్లీ మొలవవట. ముందే వస్తే మిగిలినవి కాపాడుకునేటోడివి అన్నది.

ఆ మాట ఎతకబోతేనే ఈ చరిత్రంతా దొరికింది. 'తిన్నీరే' అంటే లాటిన్‌లో గంట మోగడం. మనం గుయ్యి, గింగురు అన్నట్టే వాళ్ల చెవికి తిన్ మన్నది. క్రీ.శ. 79లో వెసూవియస్ కొండ పేలినప్పుడు చనిపోయిన ప్లినీ అనే రోమ్ పెద్దమనిషి తన పుస్తకంలో దీని గురించి రాసిండు. చెవి మోగితే దూరాన ఉన్నోళ్లు మన గురించి మాట్లాడుకుంటున్నట్టని అప్పటి జనం నమ్మేవారట. మనకి పొలమారితే ఎవరో తలుచుకుంటున్నరు అన్నట్టు. ఫోన్లో మా ఇంటామెకి చెప్తే, 'మేం రోజంతా నీ గురించే మాట్లాడుకుంటమా ఏంది, దవాఖానకి పో' అన్నది.

మొన్న మా గ్యాంగ్‌లో బ్రేకర్ పట్టే తమ్ముడిని చూసిన. ప్లగ్‌లు జేబులో ఉన్నయి, చెవుల్లో లేవు. రాత్రి చెవిలో గుయ్యిమంటదా అని అడిగిన. 'నీకెట్ల తెలుసన్నా?' అన్నడు. స్టోర్ నుంచి చెవి కప్పులు తెప్పించి పెట్టించిన, పనిలో ఇంకొకడిని మార్చిన. హెల్త్ సెంటర్‌కి పోయేటప్పుడు చూపించమని, హెల్త్ కార్డు కవర్ మీద ఆ మాట ఇంగ్లిష్ అక్షరాల్లో పెద్దగా రాసిచ్చిన.