రహీం సాహెబు – హైదరాబాదు పోలీసు జట్టు

సాయంకాలమున మన సెక్టారు మైదానములలో పిల్లలు బంతి తన్నుచుండగా చూచి ముచ్చటపడువారు పలువురు కలరు. కాని ఒకప్పుడు హైదరాబాదు పోలీసు జట్టు కలకత్తా, బొంబాయి జట్లను తలదన్ని దేశమున అగ్రస్థానము నందుకొనినదని ఎరిగినవారు మన యిండ్లలో అరుదు. ఈ భిలాయి కర్మాగారమునకై సోవియట్ దేశముతో 1955లో ఒప్పందము కుదురునాటికే ఆ జట్టు కీర్తి దేశమంతట వ్యాపించెను. 1959లో ఇచట మొదటి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమగునాటికి హైదరాబాదు ఆటగాండ్రు రెండు ఒలింపిక్సులలో ఆడి వచ్చియుండిరి.

ఆ జట్టు ఒక్కనాట పెరిగినది కాదు. 1943లో బెంగుళూరున ఆష్ గోల్డు కప్పు గెలిచినప్పుడు దాని పేరు దక్షిణదేశమున కొంత వినబడెను. కలకత్తా క్లబ్బులకు వేలకొలది ప్రేక్షకులును, ధనవంతులగు పోషకులును ఉండిరి. హైదరాబాదు జట్టుకు అట్టి భాగ్యము లేదు. దానికి ఉన్నది ఒక్కటే: ఊరిలోని చిన్న క్లబ్బులలో రాణించు కుఱ్ఱవానికి పోలీసు కొలువు ఇచ్చి నిలుపుకొనుట. ఆట ముగిసిన పిమ్మట బ్రతుకు తెరువేమన్న చింత తీరినచో పేదయింటి బాలుడు నిశ్చింతగా ఆడగలడు. నెలజీతముతో కుటుంబమును నెట్టుకొనివచ్చు మనకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. అట్లు చేరినవారు ఏండ్ల తరబడి కలిసి ఆడుటచే ఒకరి అడుగు ఒకరికి తెలిసియుండెను.

అయినను ముడి ఇనుము ఎంత తెచ్చినను కొలిమి లేనిదే ఉక్కు కాదు. ఆ కొలిమి సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, 1950లో పోలీసు జట్టు శిక్షణ భారమును వహించిరి.

ఆయన నడపిన పోటీలు విచిత్రమైనవి. ఒకదానిలో బంతిని కాళ్లవద్ద ఆడించుకొనుట నిషిద్ధము. అందిన వెంటనే తోటివానికి పంపవలెను. ఇంకొకదానిలో చేవలేని కాలితోడనే తన్నవలెను. పొట్టివారికి వేరుగా పోటీలు జరిపించిరి. బడిపంతులు లెక్కలలో వెనుకబడిన బాలునిచేత లెక్కలే చేయించు విధమిది! ఒంటరిగా చేయు విన్యాసమునకు చప్పట్లు కొట్టు ప్రేక్షకులు గల ఆ రోజులలో, బంతిని త్వరగా వదలుటయే గొప్ప యని నేర్పుట సులభము కాదు. హంగరీవారు 1953లో వెంబ్లీ మైదానమున ఇంగ్లండును 6-3 గోల్సతో ఓడించి, ఆటగాండ్రను నిలుపు పద్ధతులలో క్రొత్త త్రోవ చూపిరి. అట్టి మార్పులను మన దేశమున ముందుగా గ్రహించి ప్రవేశపెట్టినవారిలో రహీం ఒకరు.

ఫలము వెంటనే కనబడెను. 1950లో ఢిల్లీలో మోహన్ బగానును ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచిరి. అదే సంవత్సరము మొదలు 1954 వరకు బొంబాయి రోవర్సు కప్పు వరుసగా ఐదుసార్లు వారిదే. 1954లో డ్యూరాండు మరల వారిదయ్యెను. 1957లో రెండు కప్పులును హైదరాబాదు చేరెను. 1956, 1957 సంవత్సరములలో హైదరాబాదు రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీని గెలుచుకొనెను.

ఆటగాని గుర్తించుటలో రహీం చూపు ఎట్టిదో చెప్పుటకు తులసీదాస్ బలరాం కథ యొక్కటి చాలును. సికింద్రాబాదు దాపున అమ్ముగూడలో పుట్టిన పేదబాలుడు. సంతోష్ ట్రోఫీ జట్టు ఎంపికకు రమ్మని రహీం పిలువగా, హైదరాబాదు వచ్చిపోవుటకు దారి లేదనెను. అద్దె సైకిలుకై దినమునకు ఒక రూపాయి రహీం ఇచ్చిరి! 1956లో ఆ బాలుడు సంతోష్ ట్రోఫీ ఆడి, అదే యేడు మెల్బోర్ను ఒలింపిక్సునకు వెళ్లెను. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఆయనను తీసికొనిపోయెను. ఆటగాని తయారుచేయు ఊరొకటి, అనుభవించు ఊరింకొకటి యగుట అప్పటికే అలవాటయ్యెను.

భారత జట్టు శిక్షకుడుగా రహీం 1951 ఆసియా క్రీడలలో స్వర్ణపతకము సాధించిరి. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1 గోల్సతో ఘోరపరాజయము కలిగెను. దీనిని దాటవేసి పొగడువారు ఆయనకు న్యాయము చేయరు; ఏలయన మన ఆటగాండ్రు వట్టికాళ్లతో ఆడు అలవాటు ఆ దెబ్బతో మానిరి. నాలుగేండ్లకే మెల్బోర్నులో ఆస్ట్రేలియాను 4-2 గోల్సతో గెలిచి భారతము నాల్గవ స్థానమున నిలిచెను. నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్ ఆ జట్టులోని హైదరాబాదు ముత్యములు.

1962 నాటికి రహీం క్యాన్సరు వ్యాధిపీడితులు. జకార్తాలో ప్రేక్షకులు మనపై ఆగ్రహముతో నుండిరి. అయినను తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును ముందువరుసకు పంపి ఆయన సాహసించిరి. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాపై 2-1 గెలుపు. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది ఆ జర్నైలుది. బలరాం, ఆంధ్ర పోలీసు ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోనివారే. 1963 జూన్ 11న రహీం కన్నుమూసిరి. భారత పురుషుల జట్టుకు ఆసియా క్రీడలలో నాటి తరువాత స్వర్ణము దక్కలేదు.

ఆంధ్ర పోలీసు పేరు దాల్చిన జట్టు 1960లో రోవర్సు, 1961లో డ్యూరాండు గెలిచియుండెను. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ తెచ్చెను. ఆ వెనుక వెలుగు తగ్గెను. ఆటగాండ్రు లేక కాదు. బడి మైదానములలో వారిని వెదకి, సైకిలు అద్దె యిచ్చి, చేవలేని కాలితో తన్నించు మాస్టారు మరల దొరకలేదు. హైదరాబాదు పేరుతో మొన్న వెలసిన వృత్తిజట్టు 2022లో ఐఎస్ఎల్ గెలిచి, 2025లో ఢిల్లీకి తరలిపోయెను. అమ్ముగూడ బాలుడు బలరాం వంగభూమిలోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించెను.