గార తీసే పని ఎవరిది? డెంటల్ హైజీనిస్టు ఉద్యోగాలు – ఒక ప్రాంతీయ పరిశీలన

పళ్ల గార బెజవాడలోనైనా, వాషింగ్టన్ రాష్ట్రంలోనైనా ఒకేలా పడుతుంది. అది తీసే ఉద్యోగాలు మాత్రం ఒకచోట నెలల తరబడి ఖాళీగా ఉంటాయి, మరోచోట అసలు పుట్టవు. జబ్బు ఎంతుందో చూసి ఈ కొలువుల భవిష్యత్తు చెప్పలేం. గార తీసే హక్కు చట్టం ఎవరికిచ్చింది, డెంటిస్టు ఎంత జీతానికి దొరుకుతాడు అన్నవే ఇక్కడ అసలు ప్రశ్నలు.

ఈ వృత్తి అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో పుట్టింది. అక్కడి డెంటిస్టు ఆల్ఫ్రెడ్ ఫోన్స్ 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు పళ్లు శుభ్రం చేయడం నేర్పాడు. 1913లో ఏకంగా బడే పెట్టాడు.

ఇప్పుడు అక్కడి హైజీనిస్టుకు సొంత కుర్చీ, రోగికి దాదాపు గంట సమయం ఉంటాయి. సన్నని ప్రోబ్‌తో ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల చిగురు లోతు కొలుస్తూ "మూడు, రెండు, మూడు" అని పైకి చెబుతుంది. అయిదో ఆరో వినపడితే చిగురు పాడైందని పడుకున్న రోగికీ అర్థమవుతుంది. ఎక్స్‌రే, గార తీసే స్కేలింగ్, పాలిషింగ్ అయ్యాక డెంటిస్టు కాసేపు వచ్చి చూసిపోతాడు. ఏడాదికి రెండు క్లీనింగ్‌లకు చాలా బీమా పథకాలే డబ్బు కడతాయి కాబట్టి ఆ కుర్చీ ఖాళీగా ఉంటే క్లినిక్‌కు నష్టం. 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో ఈ ఉద్యోగుల మధ్యస్థ వార్షిక వేతనం 94,260 డాలర్లు.

అయితే అది దేశం మొత్తానికి లెక్క. వాషింగ్టన్, కాలిఫోర్నియా పై వరసలో ఉంటే అలబామా అట్టడుగున ఉంటుంది. జీవన వ్యయంలో తేడా ఉందన్నది నిజమే కానీ, కథంతా అది కాదు. వాషింగ్టన్‌లో హైజీనిస్టు మత్తు ఇంజెక్షన్ ఇవ్వవచ్చు, డెంటిస్టు డ్రిల్ చేసిన పంటిలో ఫిల్లింగ్ కూడా పెట్టవచ్చు. అలబామాలో డెంటిస్టు దగ్గరే పనిచేస్తూ లైసెన్సు తెచ్చుకునే దారి ఉంది. కాలేజీ ఖర్చు తప్పుతుంది గానీ, ఆ శిక్షణను చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు. పక్క రాష్ట్రానికి పోలేని మనిషి జీతం పెంచమని ఎంత గట్టిగా అడగగలదు?

మన దగ్గర హైజీనిస్టును చట్టం గుర్తించకపోలేదు. 1948 నాటి డెంటిస్టుల చట్టమే పళ్ల మీది గార తీసి, మెరుగుపెట్టి, నోటి శుభ్రత నేర్పే మనిషిగా నిర్వచించి, వేరే రిజిస్టర్ పెట్టమంది. లేనిది గిరాకీ. దేశంలో డెంటల్ కాలేజీలు 300 దాటాయి. కొత్తగా బీడీఎస్ పాసై క్లినిక్‌లో చేరేవాళ్ల జీతాలు ఎంత తక్కువో ఆ ఇళ్లలో అడిగితే తెలుస్తుంది. కొంచెం అటూ ఇటూగా అదే జీతానికి పన్ను పీకి, ఫిల్లింగ్ చేసి, స్కేలింగ్ కూడా చేసే డాక్టరు దొరుకుతుంటే, స్కేలింగ్ ఒక్కటే చేసే మనిషిని యజమాని ఎందుకు పెట్టుకుంటాడు? పైగా మనవాళ్లు నొప్పి పుడితే తప్ప డెంటిస్టు గడప తొక్కరు, క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని జంకుతారు. గార కింద అప్పటికే వదులై ఉన్న పన్ను గార పోయాక కదులుతుంది. ఆ నింద మోసేది మాత్రం స్కేలరే. అందుకే హైజీనిస్టు డిప్లొమా చేసినవాళ్లకు కాలేజీల్లోని చిగుళ్ల విభాగాలు, పెద్ద ఆసుపత్రులు మినహా చోటు తక్కువ. ఇంటర్ అయ్యాక ఈ కోర్సు చేయాలనుకునే పిల్లలకు ఈ మాట ముందే చెప్పడం న్యాయం.

తెలుగువాళ్లకు ఈ ఉద్యోగం ఎదురయ్యేది ఎక్కువగా సముద్రం దాటాకే. ఇక్కడి బీడీఎస్‌తో వెళ్లిన అమ్మాయి అమెరికాలో డెంటిస్టు కావాలంటే చాలా రాష్ట్రాల్లో మళ్లీ రెండుమూడేళ్లు చదవాలి, ఆ ఫీజు ఇల్లు కొన్నంత పని. ఫ్లోరిడా మాత్రం విదేశీ దంత వైద్య పట్టా ఉన్నవాళ్లను హైజీనిస్టు లైసెన్సు పరీక్షలకు కూర్చోనిస్తుంది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు "మళ్లీ స్కేలింగేనా" అని జూనియర్ మీదికి తోసేసిన పనే అక్కడ ఆమెకు పూర్తికాలపు కొలువు. వచ్చిన ప్రతి రోగికీ గంట సేపు, పంటికి ఆరు చోట్ల.