అన్నం తిన్నాక వేసుకోండి

మందుల షాపు కౌంటరు దగ్గర ఓ పావుగంట నిలబడితే చాలు, నొప్పి బిళ్ళల మీద మనవాళ్ల సందేహాలన్నీ వినిపిస్తాయి. "పరగడుపున వేసుకోవచ్చా?" "రోజుకి ఎన్ని?" "పిల్లాడికి సగం విరిచి ఇవ్వనా?" "బీపీ గోలీతో కలిపి మింగొచ్చా?" "రోజూ వేసుకుంటే కిడ్నీలు పోతాయంట గదా?" "అలవాటైపోతుందేమోనండీ." షాపతను చిల్లర లెక్కపెడుతూనే అందరికీ ఒకటే జవాబు చెబుతాడు: "అన్నం తిన్నాక వేసుకోండి."

ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారి పుట్టినవి కావు. ఒక్కోదానికీ ఒక్కో ఊరు, ఒక్కో ఏడాది ఉన్నాయి. ముందు మందు వచ్చింది. దాన్ని ఎలా వాడకూడదో ఆ తరవాతెప్పుడో, కొన్నిసార్లు డెబ్భై ఏళ్లు గడిచాక, ఎవరో ఒకరు దెబ్బతిన్నాక తెలిసింది.

అన్నిటికన్నా పాతది అలవాటు సంగతి. తెలుగులో మందు అంటే రోగం తగ్గించేదే కాదు, గ్లాసులో పోసుకునేదీ, చేలో కొట్టేదీ కూడా. నల్లమందు ఈ అర్థాలన్నిటి మధ్యా తిరిగిన సరుకు. పసిపిల్లకి చిటికెడు నాకించి పడుకోబెట్టి తల్లి కూలికి పోవడం ఒకప్పుడు మన దేశంలో చాలాచోట్ల మామూలు. దాని బలం కాయకీ కాయకీ, ముద్దకీ ముద్దకీ మారిపోయేది కాబట్టి చిటికెడు అంటే ఎంతో ఎవరూ చెప్పలేరు. 1804 ప్రాంతంలో జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో మందుల దుకాణంలో పనిచేసే ఇరవయ్యేళ్ల జెర్ట్యూర్నర్ నల్లమందులోని అసలు సారాన్ని పొడిగా వేరుచేశాడు. అదే మార్ఫిన్. తరవాత తన మీదా, మరో ముగ్గురు కుర్రాళ్ల మీదా పరీక్షించి చూశాడు. ముప్పావుగంటలో మూడు మోతాదులు. నలుగురికీ ప్రాణాల మీదికొచ్చింది. వెనిగర్ తాగి వాంతి చేసుకుని బయటపడ్డారు. ఆ అనుభవాన్ని 1817లో అచ్చువేశాడు. నొప్పి మందుని తూచి ఇవ్వడం నేర్పినవాడే మోతాదు మించినవాళ్లలో ముందువరసలో ఉన్నాడు.

కాస్త పక్కన ఇంకో కథ నడుస్తోంది. 1763లో ఇంగ్లండులోని చిప్పింగ్ నార్టన్ నుంచి ఎడ్వర్డ్ స్టోన్ అనే పాదిరి రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. విల్లో చెట్టు బెరడు నమిలితే సింకోనాలా చేదుగా ఉందనీ, రొట్టెల పొయ్యి మీద ఎండబెట్టి పొడి చేసి చలిజ్వరం వచ్చిన యాభైమందికి ఇస్తే గుణమిచ్చిందనీ. ఆ బెరడులోని సారం మీద పనిచేస్తూ పోయి రసాయన శాస్త్రజ్ఞులు సాలిసిలిక్ ఆమ్లం దాకా వచ్చారు. కీళ్లనొప్పులకు బ్రహ్మాండంగా పనిచేసేది కానీ కడుపుని కాల్చేసేది. 1897 ఆగస్టులో బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ దాన్ని కొంచెం మార్చి ఆస్పిరిన్ తయారుచేశాడు. రెండు వారాలు తిరక్కుండానే అదే హాఫ్‌మన్ మార్ఫిన్‌ని కూడా అలాగే మార్చాడు. ఆ రెండోదాన్ని కంపెనీ 1898లో దగ్గుమందుగా, మార్ఫిన్‌లా అలవాటు పడని మందుగా బజార్లో పెట్టింది. పేరు హెరాయిన్. అనుమానమంతా మొదటిదాని మీదే: ఆస్పిరిన్ గుండెని బలహీనపరుస్తుందేమోనని ఆ కంపెనీ ఔషధ పరీక్షల అధికారి డ్రెసెర్ కొన్నాళ్లు పక్కన పెట్టించాడు.

గుండె మీద ఆ భయం ఆ కాలానిది. మన హైదరాబాదులోనే 1888, 1889లలో నిజాం ఖర్చుతో రెండు క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. మత్తిచ్చినప్పుడు రోగి పోతే ఆగింది గుండా, ఊపిరా అన్నది తగువు. ఎడ్వర్డ్ లారీ అనే దొర కుక్కల మీదా కోతుల మీదా వందల ప్రయోగాలు చేసి, గుండెకి భయం లేదు, ఊపిరి కనిపెట్టుకుని ఉంటే చాలని తేల్చేశాడు. లండన్ నుంచి లాన్సెట్ పత్రిక పంపిన పెద్దమనిషి కూడా సరేనన్నాడు. 1911కల్లా అది తప్పని రుజువైంది. క్లోరోఫాం గుండెనే నేరుగా ఆపగలదు. నొప్పి బిళ్ళల కథకి ఇది దూరపు చుట్టమే. కానీ 'ఫర్వాలేదు' అన్న మాట కూడా మందులాగే పరీక్షకి నిలవాలని ఇంత బాగా చూపే ఉదంతం మన ఊళ్లో జరిగింది కాబట్టి దాటవేయలేకపోయాను.

ఆస్పిరిన్ కడుపుకి మెత్తన అని కంపెనీ చెప్పింది, జనం నలభై ఏళ్లు నమ్మారు. 1938లో లండన్ వైద్యులు డౌత్‌వెయిట్, లింటాట్ నోట్లోంచి గొట్టం దించి కడుపులోకి చూస్తే ఆస్పిరిన్ తగిలిన చోట పొర ఎర్రగా కందిపోయి కనిపించింది. అన్నం తిన్నాక వేసుకోమన్న సలహాకి బలం వచ్చింది అప్పుడే. అన్నం అడ్డుంటే బిళ్ళ పొరకి అంటుకోదని లెక్క.

ఆ లెక్క సగమే నిజం. 1971లో జాన్ వేన్ అసలు గుట్టు బయటపెట్టాడు, దానికి 1982లో నోబెల్ బహుమానం వచ్చింది. ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతుంటాయి. దెబ్బ తగిలిన చోట నొప్పినీ వాపునీ పెంచేవి అవే. కడుపు లోపలి పొరని ఆమ్లం నుంచి కాపాడేవీ అవే. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలకి రక్తం సరిగా అందేలా చూసేవీ అవే. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి మందులన్నీ వీటి తయారీనే అడ్డుకుంటాయి. మోకాలికి మేలు, కడుపుకీ కిడ్నీకీ చేటు ఒకే పనికి రెండు ముఖాలన్నమాట. అందుకే "బిళ్ళ పడదండీ, సూది వేయించుకుంటా" అనేవాళ్ల ధీమా ఉత్తది. తుంటికి వేసిన సూది మందు కూడా రక్తంలో కలిసి కడుపుకే చేరుతుంది, పుండు చేయగలదు. తిన్నాక వేసుకుంటే మంట తగ్గుతుంది, నిజమే. పుండు భయం పోదు. పెద్ద వయసు, పాత అల్సరు, రక్తం పలచనయ్యే మందులు, స్టెరాయిడ్లు ఉన్నవాళ్లని అన్నం ఒక్కటే కాపాడలేదు. వాళ్లు ముందు డాక్టరుని అడగాలి.

పిల్లల ప్రశ్నకి జవాబు ఆస్ట్రేలియాలో మొదలైంది. జలుబో ఆటలమ్మో తగ్గుతున్న పిల్లలు ఉన్నట్టుండి మెదడు వాచి, కాలేయం చెడి పోతున్నారని 1963లో రే అనే వైద్యుడు రాశాడు. ఆస్పిరిన్‌తో దానికి సంబంధం ఉందని తేలడానికి మరో పదిహేడేళ్లు పట్టింది. బ్రిటన్ 1986లో 12 ఏళ్ల లోపు పిల్లలకు వద్దంది. 2002లో ఆ గీతని 16కి జరిపింది. మన డెంగీ రోజుల్లో పెద్దవాళ్లకీ ఇదే జాగ్రత్త, కారణం మాత్రం వేరు. రక్తస్రావం భయం ఉన్న జ్వరంలో ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ ముట్టకూడదు. వానాకాలంలో జ్వరమంటే అది ఏ జ్వరమో తేలేదాకా పారాసిటమాలే.

ఇక ఆ పారాసిటమాల్. క్రోసిన్, డోలో అన్న పేర్లతో ప్రతి ఇంట్లోనూ ఉండే ఈ బిళ్ళ వంశం ఒక మందుల షాపు పొరపాటుతో మొదలైంది. 1886లో స్ట్రాస్‌బర్గ్‌లో ఇద్దరు కుర్ర డాక్టర్లు నులిపురుగుల రోగికి నాఫ్తలీన్ తెప్పించారు. షాపు నుంచి వేరే పొడి వచ్చింది. పురుగులు పోలేదు గానీ జ్వరం దిగింది. ఆ పొడి అసెటనిలైడ్. వాడగా వాడగా రోగుల పెదవులు నీలంగా మారడం చూసి దాని చెల్లెలు ఫెనాసిటిన్‌ని 1887లో తెచ్చారు. ఈ రెండూ ఒంట్లోకి వెళ్లాక పారాసిటమాల్‌గా మారి పనిచేస్తున్నాయని న్యూయార్క్‌లో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ 1948-49లలో కనిపెట్టారు. మధ్యలో ఆ తిప్పుడెందుకు, నేరుగా అదే ఇస్తే పోలా అనుకుని 1955లో అమెరికాలో, మరుసటేడు బ్రిటన్‌లో అమ్మకం మొదలుపెట్టారు. కడుపుని కొరకదు, పిల్లలకి పడుతుంది. ఇంతకన్నా మంచి బిళ్ళ లేదనుకున్నారు.

లెక్క మించనంతవరకు అది ఇప్పటికీ నిజమే. 1966లో ఎడిన్‌బరో నుంచి వచ్చిన నివేదికలో మోతాదు మించి మింగినవాళ్ల కాలేయం చచ్చుబడి ఉంది. ఎందుకో 1973లో తెలిసింది. కాలేయం పారాసిటమాల్‌లో కొద్ది భాగాన్ని విషంగా మారుస్తుంది, వెంటనే తన దగ్గరున్న గ్లూటాథయోన్‌తో విరిచేస్తుంది. ఎక్కువ మింగితే ఆ విరుగుడు అయిపోతుంది. ఇందులో మోసమేమిటంటే మొదటి రోజు మనిషి బాగానే ఉంటాడు; రెండో రోజో మూడో రోజో కళ్లు పచ్చబడతాయి. ఎడిన్‌బరోలోనే ప్రెస్కాట్ బృందం అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మందుని నిలబెట్టింది. మింగిన 8 గంటల్లోపు పడితే అది దాదాపు ఎప్పుడూ కాపాడుతుంది. "బాగానే ఉన్నాడు కదా, రేపు చూద్దాం" అనుకోవడమే అసలు ప్రమాదం. బ్రిటన్ 1998లో ఒక్కో పెట్టెలో అమ్మే బిళ్ళల సంఖ్యకి కోత పెట్టింది, ఫార్మసీలో 32, మామూలు కొట్లో 16.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజు మొత్తానికి హద్దు 4,000 మిల్లీగ్రాములు. బక్కపలచనివాళ్లకి, రోజూ తాగేవాళ్లకి, కాలేయం జబ్బున్నవాళ్లకి ఇంకా తక్కువ. మనవాళ్లు ఈ గీత దాటేది చావాలని కాదు, తెలియక. జ్వరానికి 650 బిళ్ళ నాలుగుసార్లు, అంటే 2,600. నడుం నొప్పికి ఎసిక్లోఫెనాక్ కలిపిన బిళ్ళ రెండుసార్లు. అందులో ఒక్కోదానిలో 325 పారాసిటమాల్ ఉంటుంది, అక్కడ 650. జలుబు బిళ్ళ మూడు. ఒక్కోదానిలో 500 ఉన్నా 1,500. మొత్తం 4,750. మూడు రంగుల బిళ్ళలు, మూడు పేర్లు, మందు ఒకటే.

కిడ్నీల సంగతికి ఫెనాసిటిన్ దగ్గరికి తిరిగి వెళ్లాలి. మా చిన్నప్పుడు ఊళ్లో ఏ నొప్పికైనా ఏపీసీ బిళ్ళే. ఆస్పిరిన్, ఫెనాసిటిన్, కెఫీన్. కాఫీ సారం ఉండటం వల్లేమో, నొప్పి లేకపోయినా వేసుకునే ముసలివాళ్లుండేవారు. స్వీడన్‌లో హుస్క్‌వార్నా అనే ఫ్యాక్టరీ ఊరు ఇలాగే చెడింది. 1918 నాటి ఫ్లూ కాలంలో యోర్టన్ అనే డాక్టరు రాసిచ్చిన ఫెనాసిటిన్ పొడి జ్వరం పోయాక కూడా కార్మికుల జేబుల్లో ఉండిపోయింది. మనం వక్కపొడి చేతిలో పెట్టినట్టు వాళ్లు ఒకళ్లకొకళ్లు పొడి పొట్లాలు ఇచ్చుకునేవారు. తరం తిరిగేసరికి కిడ్నీ చావులు లెక్కకొచ్చాయి. ఇటు స్విట్జర్లండ్ వైద్యులు 1953లోనే హెచ్చరించినా, అమెరికా ఆ మందుని మాన్పించేసరికి 1983 వచ్చింది.

ఉద్దానం మాట ఇక్కడ ఎత్తకుండా ఉండలేం. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటల మధ్య పల్లెల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. నీళ్లు, ఎండ, వంశపారంపర్యం, ఇలా ఎన్నో అనుమానాలున్నాయి. ఏ ఒక్కటీ మూలమని తేలలేదు. ఒళ్లునొప్పుల బిళ్ళలు ఆ అనుమానాల్లో ఒకటి మాత్రమే. అసలు కారణం ఏదైనా, అప్పటికే నీరసించిన కిడ్నీ మీద రోజూ డైక్లోఫెనాక్ పడటం నిప్పు మీద కిరసనాయిలే. బీపీ మందులూ ఒంట్లో నీరు తీసే బిళ్ళలూ వాడేవాళ్లకి, ఎండలో చెమటోడ్చేవాళ్లకి ఆ ప్రమాదం ఇంకా దగ్గర.

డైక్లోఫెనాక్ కిడ్నీని ఏం చేయగలదో రాబందులని అడగాలి. 1990లలో మన ఆకాశంలోంచి అవి మాయమయ్యాయి. 2004లో కారణం దొరికింది. నొప్పి తగ్గాలని పశువులకి వేసిన డైక్లోఫెనాక్ చచ్చిన గొడ్డు మాంసంలో మిగిలి, దాన్ని తిన్న పక్షుల కిడ్నీలు ఆగిపోతున్నాయి. 2006లో పశువులకి దాన్ని నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకి పోతున్నాయని 2015లో సూది మందుని 3 మిల్లీలీటర్లకి కుదించారు.

గుండె సంగతి డ్రెసెర్ భయపడిన వందేళ్లకి నిజమైంది, కాకపోతే వేరే మందుతో. కడుపుని బాధించని బిళ్ళగా 1999లో వచ్చిన వయాక్స్, గుండెపోట్లు పెంచుతోందని 2004 సెప్టెంబరు 30న వెనక్కి వెళ్లింది. ఆస్పిరినేమో చిన్న మోతాదులో గుండెపోటు వచ్చినవాళ్లకి రోజువారీ మందైంది. దాన్ని చూసి గుండె జబ్బు లేనివాళ్లు కూడా సొంతంగా మొదలుపెట్టడం మాత్రం మంచిది కాదు. కడుపులో రక్తస్రావం అందరికీ ఒకటే.

మళ్లీ అలవాటు ప్రశ్నకొస్తే, దానికి ప్రపంచం రెండు తప్పుడు జవాబులిచ్చింది. 1980లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో అయిదు వాక్యాల ఉత్తరం వచ్చింది. ఆసుపత్రిలో నల్లమందు జాతి మందు తీసుకున్న 11,882 మందిలో నలుగురికే అలవాటైందని. ఆసుపత్రి మంచం మీద నాలుగు రోజుల మాట అది. దాన్ని చూపించి 1996 తరవాత ఆక్సీకాంటిన్ అనే నల్లమందు జాతి బిళ్ళని నడుం నొప్పులకి కూడా నెలల తరబడి రాయించారు. ఆ ఊబిలోంచి అమెరికా ఇంకా తేరుకోలేదు. మనం దీనికి సరిగ్గా ఎదురు తప్పు చేశాం. 1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, నల్లమందు చట్టబద్ధంగా పండించే దేశంలోనే కేన్సర్ రోగికి మార్ఫిన్ దొరకలేదు. లైసెన్సుల గొడవ పడలేక ఆసుపత్రులు తెప్పించడం మానేశాయి. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో చట్టం సవరించారు. హైదరాబాదు ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించడానికే ఒక విభాగం ఉంది. అక్కడ మార్ఫిన్ మాట వినగానే "ఇంక చివరిదశా డాక్టరుగారూ?" అని అడిగే ఇంటివాళ్లున్నారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. చివరిదశ మందు కాదది, తీవ్రమైన నొప్పికి మందు. తూచి, గంటలు చూసి, డాక్టరు కనిపెట్టుకుని ఉండి ఇస్తే కేన్సర్ నొప్పిలో అలవాటు భయం చిన్నది, నొప్పి పెద్దది.

మొన్న పన్నునొప్పికి మా వీధి షాపులో బిళ్ళలు అడిగాను. షాపతను పది బిళ్ళల షీటు తీసి కత్తెరతో రెండు కత్తిరించి ఇచ్చాడు. ఇంటికొచ్చి వెనక్కి తిప్పి చూస్తే పేరులో చివరి మూడు అక్షరాలున్నాయి, ఎర్రగీతలో ఓ ముక్క ఉంది. మందు పేరు, మోతాదు, గడువు తేదీ, హెచ్చరిక మిగతా ఎనిమిది బిళ్ళలతో షాపులోనే ఉండిపోయాయి. వెనక్కి వెళ్లి అదేం మందో అడిగాను. "నొప్పిదేనండీ, అన్నం తిన్నాక వేసుకోండి" అన్నాడు.