ప్రత్యర్థి పరాజయం - అభిమాని ఆనందం: 2014 మరకానా ఫైనల్

క్రీడాచరిత్ర సాధారణంగా విజేతల పట్టికగానే మిగిలిపోతుంది. ప్రత్యర్థి ఓటమి వల్ల కలిగే ఆనందానికి ఆ పట్టికలో చోటుండదు. అటువంటి ఆనందానికి 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్ స్పష్టమైన నిదర్శనం.

జులై 8న బెలో హొరిజోంటెలో జరిగిన సెమీఫైనల్లో ఆతిథేయ బ్రెజిల్ 1-7 తేడాతో జర్మనీ చేతిలో ఓడింది. ఐదు రోజులకు రియో డి జనీరోలోని మరకానా మైదానంలో జర్మనీ, అర్జెంటీనా ఫైనల్లో తలపడ్డాయి. తమను అంతగా పరాభవించిన జర్మనీనే బ్రెజిల్ అభిమానులనేకులు సమర్థించారు. 113వ నిమిషంలో గోట్జె చేసిన ఏకైక గోలుకు హర్షధ్వానాలు చేశారు.

దీనికి కారణం గతంలో ఉంది. 1950లో ఇదే మైదానంలో ఉరుగ్వే చేతిలో 1-2తో ఓడి బ్రెజిల్ కప్పును చేజార్చుకుంది. 1990లో టురిన్‌లో అర్జెంటీనా 1-0తో బ్రెజిల్‌ను టోర్నీ నుంచి నిష్క్రమింపజేసింది. ఆ ఓటమిని గుర్తుచేసే పాటను 2014లో అర్జెంటీనా అభిమానులు బ్రెజిల్ గడ్డపైనే పాడారు. మరకానాలో అర్జెంటీనా గెలిచి ఉంటే పొరుగువారి ఎత్తిపొడుపులకు అంతముండేది కాదు.

కనుక ఈ ఆనందాన్ని కేవలం అసూయగా పరిగణించడం సమంజసం కాదు. పాత గాయంపై కొత్త గాయం పడనందుకు కలిగిన ఊరట అది. అయినా 1-7 చెరిగిపోలేదు. ప్రత్యర్థి ఓటమి గాయాన్ని మరపించగలదే గాని మాన్పలేదు.